ఒక్క రోజు కోసం ఒక సంవత్సరం

క్రీడాకారుని శక్తి అంతా సరిగ్గా పోటీనాటికే పండాలంటే ఏం చేయాలి? ఎంత శ్రమించాలో తెలిస్తే చాలదు. శ్రమను ఎప్పుడు తగ్గించాలో కూడా తెలియాలి.

ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజారులో తెలుగు మాట వినబడడానికి ఎంతోసేపు వేచి ఉండనక్కరలేదు. బెంగాలీ, హిందీ, ఒడియా మాటల నడుమ శ్రీకాకుళం యాస హఠాత్తుగా చెవిని పడుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇక్కడ పెద్ద వర్క్‌షాపును నెలకొల్పిన తరువాత, పనికోసం ఉత్తరాంధ్ర నుండి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడేవరకు వాల్తేరు డివిజను, ఖరగ్‌పూర్ డివిజను ఒకే ఆగ్నేయ రైల్వేలో ఉండేవి. ఆ విధంగా వాల్తేరుకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య రాకపోకలు తరతరాలుగా సాగుతూ వచ్చాయి.

ఈ ఊరి వర్క్‌షాపులో ఒక నియమం ఉంది. నడుస్తూ ఉన్న పెట్టెనే, చెడిపోకముందే, గడువు ప్రకారం లోపలికి తెస్తారు. విడదీస్తారు, అరిగిన భాగాలు మారుస్తారు, మళ్ళీ పట్టాల మీదికి పంపుతారు. రైల్వేవారు దీనిని పి.ఓ.హెచ్. అంటారు. ఆ పెట్టె షెడ్డులో నిలిచి ఉన్న దినాలను ఎవరూ వృథా అనుకోరు. ఆ దినాలు లేకపోతే అది వేలాది మైళ్ళు క్షేమంగా తిరగలేదని ఇక్కడి పిల్లవానికి కూడా తెలుసు.

అయితే మనిషి దేహం విషయానికి వచ్చేసరికి ఈ సులువైన సత్యం మరుగున పడిపోతుంది. రైల్వే ఊళ్ళలో ఆటకు ఒక ప్రత్యేకమైన విలువ ఉన్నది. క్రీడాకారుల కోటాలో ఉద్యోగం దొరికితే ఒక కుటుంబం స్థిరపడుతుంది. మహేంద్రసింగ్ ధోనీ అంతటివాడు 2001 నుండి కొంతకాలం ఖరగ్‌పూర్ స్టేషనులో టిక్కెట్ల తనిఖీ ఉద్యోగం చేస్తూ రైల్వే జట్టుకు క్రికెట్ ఆడినవాడే. కాని ఆ ఉద్యోగానికి ముందు ఎంపిక పోటీ ఉంటుంది. అది ఒకే ఒక్క రోజు. ఆ రోజు దగ్గర పడుతున్నకొద్దీ కుర్రవాడు భయంతో సాధన రెట్టింపు చేస్తాడు. నిన్న ఐదు మైళ్ళు పరుగెత్తినవాడు నేడు ఎనిమిది పరుగెత్తుతాడు. తీరా పోటీ ఉదయాన కాళ్ళు సీసపు దిమ్మలవలె బరువెక్కి ఉంటాయి. అతనికి బలం లేక కాదు. ఉన్న బలం ఆ రోజున అందుబాటులో లేక ఓడిపోతాడు.

ఈ ఓటమిని తప్పించడానికి పుట్టినదే దశలవారీ శిక్షణ.

కొండ ఎక్కిన పరుగువీరుడు

1954 ఏప్రిల్ మాసం. ఇంగ్లండులో రోజర్ బానిస్టర్ అనే వైద్య విద్యార్థి ఒక మైలు దూరాన్ని నాలుగు నిమిషాలలోపల పరుగెత్తాలని దీక్ష పట్టి ఉన్నాడు. అంతవరకు ఆ పని చేసినవారు ప్రపంచంలో లేరు. శీతకాలమంతా అతని సాధన ఒకటే: పావుమైలు చొప్పున పది పరుగులు, పరుగుకూ పరుగుకూ నడుమ రెండు నిమిషాల విరామం. డిసెంబరులో ఒక్కొక్క పావుమైలుకు 66 సెకన్లు పట్టేది. ఏప్రిల్ నాటికి అది 61కి దిగివచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎంత ప్రయాసపడినా ఆ పైన ఒక్క సెకను కూడా తగ్గలేదు.

అప్పుడు బానిస్టర్ చేసిన పని విచిత్రంగా తోస్తుంది. సాధన మాని, మిత్రుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లండు వెళ్ళి కొన్ని రోజులు కొండలు ఎక్కుతూ గడిపాడు. తిరిగి వచ్చి మైదానంలో దిగగానే పావుమైళ్ళు 59 సెకన్లకు వచ్చాయి. అసలు పరుగుకు ముందు ఐదు రోజులు అతడు పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాడు. మే 6న ఆక్స్‌ఫర్డులో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు ముగించి చరిత్రకెక్కాడు.

కొండల మీద గడిపిన ఆ కొద్ది రోజులలో అతనికి కొత్త బలం ఏదీ పుట్టలేదు. శీతకాలమంతా కూడబెట్టిన బలమే అలసట అనే దుప్పటి కింద దాగి ఉన్నది. ఆ దుప్పటి తొలగేసరికి అది బయటపడింది.

దేహం చేసే లెక్క

వ్యాయామం చేస్తున్నప్పుడు దేహం బలపడదు. ఆ సమయంలో అది నిజానికి బలహీనపడుతుంది. కండరాలలోని పిండినిల్వలు ఖర్చవుతాయి, కండపోగులలో సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి, నాడీమండలం అలసిపోతుంది. బలపడడం తరువాత జరుగుతుంది, తిన్నప్పుడూ నిద్రించినప్పుడూ. ఆ మరమ్మతులో దేహం ఒక ముందుచూపు చూపుతుంది. పోయినదానిని పూడ్చడంతో తృప్తిపడక, మళ్ళీ ఇటువంటి శ్రమ వస్తుందేమోనని ఒక పిసరు అదనంగా కట్టి ఉంచుతుంది. క్రీడాశిక్షణ యావత్తూ ఈ అదనపు పిసరు మీదనే ఆధారపడి ఉన్నది.

మరుసటి శ్రమ మరీ తొందరగా వస్తే మరమ్మతు పూర్తికాదు, అలసట మీద అలసట పేరుకుంటుంది. మరీ ఆలస్యంగా వస్తే ఆ పిసరు కాస్తా కరిగిపోతుంది. సేద్యం తెలిసిన మన పెద్దలు అదును, పదును అన్న రెండు మాటలలో చెప్పినది ఇదే.

1936లో మాంట్రియల్ నగరంలో పనిచేస్తున్న హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలపై చేసిన పరీక్షల ఆధారంగా ఒక సిద్ధాంతం ప్రకటించాడు. ఏ కష్టం ఎదురైనా ప్రాణి మొదట తల్లడిల్లుతుంది, తరువాత తట్టుకుంటుంది, కష్టం ఎడతెగకపోతే చివరకు కుప్పకూలుతుంది. ఆయన ఆలోచించినది రోగాల గురించి. క్రీడాశిక్షకులు ఆ మూడు మెట్లలో తమ పాఠం చూసుకున్నారు. క్రీడాకారుణ్ణి రెండవ మెట్టుకు తీసుకురావాలి, మూడవ మెట్టు తొక్కనివ్వరాదు.

చెప్పులు కుట్టిన గురువు

న్యూజీలాండులో ఆర్థర్ లిడియార్డ్ అనే వ్యక్తి చెప్పుల కర్మాగారంలో పనిచేసేవాడు. వ్యాయామశాస్త్రంలో పట్టా లేదు. తన దేహం మీదనే ప్రయోగాలు చేసి ఒక పద్ధతి కనిపెట్టాడు. అతని శిష్యులు అర్ధమైలు పరుగువారైనా సరే, మొదటి కొన్ని నెలలు వారానికి నూరు మైళ్ళు నిదానంగా పరుగెత్తవలసిందే. ఆ తరువాత గుట్టలు ఎక్కి దిగే పరుగులు. వేగసాధన చివరి దశలో మాత్రమే.

రెండు నిమిషాలలోపల ముగిసే పందేనికి మారథాన్ వీరునికి తగిన సాధన ఎందుకని నవ్వినవారు ఉన్నారు. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో ఆ నవ్వు ఆగిపోయింది. లిడియార్డ్ శిష్యుడు పీటర్ స్నెల్ 800 మీటర్లలో స్వర్ణపతకం గెలిచాడు. అదే రోజున మరొక శిష్యుడు మర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో స్వర్ణం సాధించాడు. కొద్ది రోజుల తరువాత బారీ మాగీ మారథాన్‌లో కాంస్యం తెచ్చాడు. ముగ్గురూ ఒకే గురువు శిష్యులు. సరిగ్గా కావలసిన వారంలోనే ముగ్గురూ శిఖరానికి చేరారు.

దాదాపు అదే కాలంలో సోవియట్ దేశంలో లెవ్ మత్వేయెవ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ అనుభవాలకు శాస్త్రరూపం ఇచ్చాడు. సంవత్సరాన్ని మూడు భాగాలు చేశాడు: సన్నాహకాలం, పోటీకాలం, విరామకాలం. సన్నాహకాలంలో శ్రమ పరిమాణం ఎక్కువ, తీవ్రత తక్కువ. పోటీ దగ్గర పడేకొద్దీ పరిమాణం తగ్గుతుంది, తీవ్రత పెరుగుతుంది. పోటీలు ముగిశాక కొన్ని వారాలు దేహానికీ మనసుకూ సెలవు. ఈ విభజన తూర్పు యూరప్ దేశాల మీదుగా ప్రపంచమంతటా పాకింది.

ఇరవైనాలుగు వారాల పట్టిక

ఈ పద్ధతిలో మొదట గుర్తుపెట్టవలసినది పోటీ తేదీ. అక్కడి నుండి వెనుకకు లెక్కించుకుంటూ రావాలి. బండి ఖరగ్‌పూర్ ఎప్పుడు చేరాలో నిర్ణయించి, ఏ స్టేషనులో ఎప్పుడు బయలుదేరాలో లెక్కకట్టే టైంటేబిల్ వంటిదే ఇది.

గోల్‌బజారు పరిసరాల నుండి ఒక యువకుడు జనవరి 15న 800 మీటర్ల ఎంపిక పోటీకి వెళ్ళవలసి ఉన్నదనుకుందాం. ఇరవైనాలుగు వారాలు వెనుకకు పోతే ఆగస్టు ఆరంభం వస్తుంది. మొదటి పది వారాలు పునాది. వానల నడుమ నిదానపు పరుగులు, దేహానికి పటుత్వం ఇచ్చే కసరత్తులు. పరుగెత్తుతూ పక్కవానితో మాట్లాడగలిగినంత వేగం చాలు. ఈ దశలో వారానికి 60 కిలోమీటర్లకు చేరవచ్చు, కాని అంచెలంచెలుగా చేరాలి. మూడు వారాలు పెంచి, నాలుగవ వారం తగ్గించడం శిక్షకులలో చాలామంది పాటించే ఆచారం. గోల్‌బజారులో దుర్గాపూజల సందడి నిండే వారాన్నే తేలిక వారంగా పెట్టుకుంటే దేహానికీ మేలు, ఇంట్లోవారికీ సంతోషం.

తరువాతి ఎనిమిది వారాలు డిసెంబరు తొలినాళ్ళ వరకు సాగుతాయి. ఇప్పుడు గట్లు, మెట్లు ఎక్కే పరుగులు, విరామాలతో కూడిన వేగపు పరుగులు వస్తాయి. ఆపై నాలుగు వారాలు పోటీని పోలిన సాధన. 600 మీటర్లు పందెపు వేగంతో, చిన్న చిన్న పోటీలలో పాల్గొనడం, చివరి మలుపులో ఎప్పుడు ముందుకు దూకాలో నేర్వడం. మొత్తం దూరం తగ్గుతుంది, ప్రతి అడుగూ విలువైనదవుతుంది.

ఇక మిగిలినవి రెండు వారాలు. అన్నిటికంటె కష్టమైనవి ఇవే.

చేయకపోవడమనే సాధన

పోటీకి ముందు శ్రమను తగ్గించడం గురించి శాస్త్రజ్ఞులు అనేక పరీక్షలు చేశారు. వాటిని ఒకచోట చేర్చి 2007లో ప్రచురించిన ఒక సమీక్ష స్పష్టమైన ఫలితం ఇచ్చింది. తగ్గింపు దశ సుమారు రెండు వారాలు ఉండాలి. ఆ కాలంలో శ్రమ పరిమాణం నూటికి 41 నుండి 60 వంతుల దాకా తగ్గాలి. కాని వేగం తగ్గరాదు, మైదానానికి పోయే రోజులు తగ్గరాదు. అంటే మంచం మీద పడుకోవడం కాదు. వారానికి 60 కిలోమీటర్లు చేసినవాడు దానిని క్రమంగా 25కు దించాలి, అయితే పరుగెత్తిన కాసేపూ చురుకుగానే పరుగెత్తాలి.

దీనివలన కలిగే లాభం సాధారణంగా నూటికి రెండు మూడు వంతులు. చాలా స్వల్పమనిపించవచ్చు. రెండు నిమిషాల పరుగులో నూటికి రెండు వంతులంటే రెండు సెకన్లకు పైమాట. ఎంపిక పోటీలో ఆ రెండు సెకన్ల నడుమ అరడజను మంది ఉంటారు.

తగ్గింపు దశలో దేహం కంటె మనసు ఎక్కువ బాధపెడుతుంది. కాళ్ళు బిగుసుకున్నట్లు తోస్తుంది. నేర్చినదంతా మరచిపోతున్నానన్న దిగులు కలుగుతుంది. ప్రత్యర్థి ఇంకా పరుగెత్తుతూనే ఉన్నాడన్న వార్త నిద్రపోనివ్వదు. ఈ దశలో శిక్షకుని ప్రధానమైన పని శిష్యుణ్ణి ఆపి ఉంచడమే.

ఆరు ప్రయత్నాలు

ఖరగ్‌పూర్ నుండి దక్షిణంగా వెళ్ళే రైలు విశాఖపట్నం చేరేముందు శ్రీకాకుళం రోడ్ స్టేషను వస్తుంది. అది ఉన్న ఊరు ఆమదాలవలస. ఆ పక్కనే ఉన్న ఊసవానిపేట కరణం మల్లీశ్వరి పెరిగిన చోటు. తండ్రి రైల్వే రక్షణదళంలో ఉద్యోగి. స్థానిక శిక్షకుడు నీలంశెట్టి అప్పన్న వద్ద ఆమె బరువులెత్తడం నేర్చుకున్నారు.

దశలవారీ శిక్షణ ఎంత అవసరమో బరువులెత్తే పోటీ చూపినంత స్పష్టంగా మరే క్రీడా చూపదు. పోటీలో ఒక్కొక్కరికి ఆరే ప్రయత్నాలు: స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. సంవత్సరాల శ్రమకు ఆ ఆరు క్షణాలలో తీర్పు వెలువడుతుంది. కనుకనే ఈ క్రీడలో శిక్షకులు ప్రతిదీ అంకెలతో కొలుస్తారు. నూరు కిలోలు ఎత్తగలిగినవారు పునాది దశలో డెబ్బై, ఎనభై కిలోలను అనేకసార్లు ఎత్తుతారు. పోటీ సమీపించాక తొంభైకి పైబడిన బరువులను ఒకటి రెండుసార్లు మాత్రమే ఎత్తుతారు. నిత్యమూ నూరు ఎత్తాలని చూసినవారి నడుములు, మోకాళ్ళు ఎంతోకాలం నిలవవు.

మల్లీశ్వరి 1994లో ఇస్తాంబుల్‌లోను, 1995లో గ్వాంగ్‌జౌలోను 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచారు. విధివశాన ఆమె ప్రపంచ శిఖరాన ఉన్న ఆ సంవత్సరాలలో ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఈ పోటీయే లేదు. అది మొదటిసారి 2000లో సిడ్నీలో ప్రవేశించింది. ఈలోపల ఆమె దేహభారం పెరిగింది, తరగతి మారింది. 1998 ఆసియా క్రీడలలో 63 కిలోల తరగతిలో రజతం గెలిచారు కాని, 1996 తరువాత ప్రపంచ పోటీలలో పతకం రాలేదు. ఆమె కాలం ముగిసిందన్న మాట వినవచ్చింది.

అటువంటి స్థితిలో మరొక శిఖరానికి సిద్ధం కావలసి వచ్చింది. శిక్షకుడు బెలారస్‌కు చెందిన లియొనిద్ తరనెంకో. 1980లో మాస్కోలో ఒలింపిక్ విజేత. 1988లో 266 కిలోలు తలపైకెత్తిన మహాబలుడు. మత్వేయెవ్ సిద్ధాంతాలు పుట్టిన ఆ సోవియట్ సంప్రదాయంలోనే తయారైన మనిషి.

2000 సెప్టెంబరు 19న సిడ్నీ వేదిక మీద 69 కిలోల తరగతిలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. మొత్తం 240. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు కోరారు. అది నిలిచి ఉంటే స్వర్ణమే. నిలవలేదు. స్వర్ణ రజతాలు గెలిచిన చైనా, హంగరీ వనితలిద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలు. అయినప్పటికీ ఆ కాంస్యం ఒలింపిక్స్‌లో భారతీయ వనిత సాధించిన తొలి పతకం. ప్రపంచ విజేతగా నిలిచిన ఐదేళ్ళకు, 15 కిలోలు హెచ్చు తరగతిలో, కావలసిన ఆ ఒక్క సాయంకాలానికి దేహాన్ని తిరిగి సిద్ధం చేయగలగడం సామాన్యమైన విషయం కాదు.

2004లో ఏథెన్స్‌లో నడుము గాయం ఆమెను పోటీ పూర్తిచేయనివ్వలేదు. శిఖరం మీద ఎవరూ కాపురం ఉండలేరు.

ఒకే ఏడాది అనేక శిఖరాలు

మత్వేయెవ్ నాటికీ నేటికీ పోటీల సంఖ్య చాలా పెరిగింది. ఏడాదికి ఒక శిఖరం చాలదు. అదే రైలుమార్గం మీద ఉన్న విశాఖపట్నం నుండి వచ్చిన జ్యోతి యర్రాజీ 2023 సంవత్సరాన్ని గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆమె శిక్షణ పొందినది అదే మార్గంలోని భువనేశ్వర్‌లో, బ్రిటిష్ శిక్షకుడు జేమ్స్ హిలియర్ వద్ద. ఆ ఫిబ్రవరిలో ఆస్తానాలో జరిగిన ఆసియా ఇండోర్ పోటీలలో 60 మీటర్ల హర్డిల్స్ 8.13 సెకన్లలో ముగించి రజతం పొందారు. జూలైలో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో 13.09 సెకన్లతో ఆసియా విజేత అయ్యారు. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 12.91 సెకన్లతో రజతం సాధించారు. ఒకే ఏడాదిలో శిఖరానికీ శిఖరానికీ నడుమ దిగడం, మళ్ళీ ఎక్కడం. దిగడానికి సిద్ధపడనివారు రెండవసారి ఎక్కలేరు.

పట్టిక యజమాని కారాదు

ఎంత గొప్ప పట్టిక అయినా దేహం చెప్పే మాటకు లోబడే ఉండాలి. దీనికి దాదాపు రెండువేల ఏళ్ళ నాటి గుణపాఠం ఒకటి ఉన్నది. ప్రాచీన గ్రీకులు నాలుగు రోజుల చక్రం పాటించేవారు: ఒకరోజు సన్నాహం, ఒకరోజు ఘోరమైన శ్రమ, ఒకరోజు విశ్రాంతి, ఒకరోజు మధ్యరకం. ఫిలోస్ట్రేటస్ అనే రచయిత గెరెనోస్ అనే మల్లయోధుని కథ చెప్పాడు. ఒలింపియాలో గెలిచిన ఆనందంతో అతడు మిత్రులతో విందులు చేసుకున్నాడు. నిద్ర లేదు, తిన్నది అరగలేదు. మరునాడు అతడు ఒంట్లో బాగులేదని మొరపెట్టుకున్నా శిక్షకుడు కోపించి, చక్రం తప్పరాదని కఠినమైన కసరత్తులు చేయించాడు. ఆ కసరత్తుల నడుమనే గెరెనోస్ ప్రాణం విడిచాడు.

నేటి శాస్త్రజ్ఞులు కూడా ఈ హెచ్చరికే చేస్తున్నారు. యూరీ వెర్ఖోషాన్‌స్కీ వంటి రష్యన్ పండితులే మత్వేయెవ్ విభజన అందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా కాజాలదని వాదించారు. ఒకే సాధన ఇద్దరికి ఒకే ఫలితం ఇవ్వదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవానికి, హాయిగా నిద్రించి వచ్చినవానికి ఒకే పరుగు నిర్ణయించడం న్యాయం కాదు.

అలసట హద్దు మీరినదని దేహం ముందుగానే చెబుతుంది. ఉదయం లేవగానే నాడి మామూలుకంటె వేగంగా కొట్టుకుంటుంది. నిద్ర పట్టదు, ఆకలి మందగిస్తుంది. జలుబు మాటిమాటికి వస్తుంది. కారణం లేని చిరాకు కలుగుతుంది. బాలికలలో నెలసరి తప్పడం కూడా ముఖ్యమైన సూచన. దానిని ఉపేక్షిస్తే ఎముకలు బలహీనపడతాయి. వీటిలో ఏది కనిపించినా పట్టికను పక్కనబెట్టాలి, అవసరమైతే వైద్యుణ్ణి చూడాలి. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. నాడి లెక్కించడానికి ఒక గడియారం, రోజూ రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు.

ఇంట్లోవారికీ ఇందులో ఒక పాత్ర ఉన్నది. పోటీకి పది రోజుల ముందు కొడుకు ఇంటిపట్టున కూర్చుంటే తల్లిదండ్రులకు కంగారు పుట్టడం సహజం. "పోటీ దగ్గరకొచ్చింది, పడుకున్నావేమిరా?" అన్న ఒక్క మాటతో ఆరు నెలల పట్టిక తలకిందులు కావచ్చు. ఆ ప్రశ్నకు జవాబు గోల్‌బజారులోని ఏ రైల్వే కుటుంబానికీ కొత్తది కాదు. పెట్టె షెడ్డులో ఉన్నప్పుడు దానిని ఎవరూ తొందరపెట్టరు. గడువునాటికి అది పట్టాల మీద ఉంటుందని వారికి తెలుసు.